దె నిట్టిస్ ‘పిరమిడ్ల కూడలి’: తరచుగా అడిగే ప్రశ్నలు

పారిస్ ఒర్సే మ్యూజియంలో మోనే, రెన్వా, వాన్ గోల కోసం పరుగులు తీసే జనం చాలాసార్లు పట్టించుకోకుండా దాటిపోయే బొమ్మ ఇది. ఒకసారి ఆగి చూసినవాళ్ళకు మాత్రం ప్రశ్నలు మొదలవుతాయి. ఆ కట్టెల గూడు ఏమిటి, గుర్రం మీద ఉన్నదెవరు, ఇటలీవాడికి పారిస్ వీధితో ఏం పని, ఇలాంటివి. ఎక్కువగా వినిపించే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. వరుసగా చదవక్కర్లేదు, కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

అసలు ఏ బొమ్మ ఇది? ఎవరు వేశారు?

జుసెప్పే దె నిట్టిస్ అనే ఇటాలియన్ చిత్రకారుడు 1875లో వేసిన ‘లా ప్లాస్ దే పిరమిడ్’. కాన్వాస్ మీద నూనె రంగులు. ఎత్తు సుమారు 92 సెంటీమీటర్లు, వెడల్పు 75. అంటే మూడడుగులకు రెండున్నర అడుగులు. నగరం నడిబొడ్డున ఉన్న ఒక కూడలి, మబ్బు పట్టిన ఆకాశం, నడిచిపోయే జనం, బండ్లు, ఒక పెద్ద కట్టడం చుట్టూ ఆకాశంలోకి లేచిన పరంజా, గుర్రం మీద ఒక విగ్రహం. 1876లో పారిస్ సాలోన్‌లో, అంటే ప్రభుత్వ గుర్తింపు ఉన్న వార్షిక ప్రదర్శనలో పెట్టాడు. 1883లో ఆయనే దీన్ని పారిస్‌లోని లక్సెంబర్గ్ మ్యూజియానికి కానుకగా ఇచ్చాడు. ఇప్పుడు ఒర్సే మ్యూజియం సొత్తు.

వీధి బొమ్మలు సాధారణంగా అడ్డంగా ఉంటాయి, రోడ్డు అటూ ఇటూ సాగేది కాబట్టి. దె నిట్టిస్ కాన్వాస్‌ను నిలువుగా పెట్టుకున్నాడు. దాంతో జనం కింది భాగానికి పరిమితమయ్యారు, పైన బోలెడంత చోటు పరంజాకూ ఆకాశానికీ దక్కింది. బొమ్మలో అసలు విషయం ఎక్కడుందో ఆ నిలువు ఆకారమే చెప్పేస్తుంది.

పారిస్ వీధిని చూపించే బొమ్మ ఇటాలియన్ పెయింటింగ్ ఎలా అవుతుంది?

వేసినవాడు ఇటాలియన్ కాబట్టి. మామూలుగా అయితే జవాబు అక్కడితో సరి. కానీ ఈ ప్రశ్న వెనక ఒక పెద్ద కథ ఉంది.

దె నిట్టిస్ 1846లో బార్లెట్టాలో పుట్టాడు. ఇటలీ బూటు ఆకారంలో మడమకు కొంచెం పైన, ఏడ్రియాటిక్ సముద్రం ఒడ్డున ఉన్న ఊరు అది. చిన్నప్పుడే అమ్మానాన్నలు పోయారు, తాతయ్య నానమ్మల దగ్గర పెరిగాడు. 1861లో నేపుల్స్ ఆర్ట్ అకాడమీలో చేరాడు, 1863లో క్రమశిక్షణ లేదని అకాడమీ వాళ్ళు బయటికి పంపేశారు. మంచిదే అయింది. అకాడమీ గోడల మధ్య ప్లాస్టర్ బొమ్మలు చూసి గీయడం మానేసి, స్నేహితులతో కలిసి నేపుల్స్ పక్కనున్న పోర్తిచిలో ఆరుబయట కూర్చుని కొండలూ దారులూ వెలుతురూ గీయడం మొదలుపెట్టాడు. మార్కో దె గ్రెగోరియో, ఫెదెరికో రొస్సానో అప్పటి జతగాళ్ళు. ఆ బృందాన్ని రెసీనా స్కూల్ అంటారు.

ఆ తర్వాత ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ళ వయసులో పారిస్ చేరాడు. అప్పటికి ఇటలీ ఒక్క దేశంగా ఏర్పడి పట్టుమని పదేళ్ళు కాలేదు. బొమ్మలు కొనే డబ్బూ, వాటి గురించి రాసే పత్రికలూ, అమ్మిపెట్టే దుకాణాలూ పారిస్‌లోనే ఉన్నాయి. బోల్దిని, జాందొమెనేగి లాంటి ఇటాలియన్ చిత్రకారులు కూడా అక్కడికే వెళ్ళారు. బతుకుతెరువు కోసం పరాయి నగరానికి వెళ్ళినవాడికి ఆ నగరం వీధులు స్థానికుడికన్నా కొత్తగా కనిపిస్తాయి. దె నిట్టిస్ పారిస్, లండన్ బొమ్మలు అంత బాగా రావడానికి అది కూడా ఒక కారణమని నా నమ్మకం.

కూడలిలో ఆ కట్టెల గూడు ఏమిటి? ఏదైనా కొత్త బిల్డింగా?

కట్టెల గూడు పరంజాయే, దాని లోపలి భవనం కొత్తది కాదు, కాలిపోయినది. ఈ బొమ్మ అర్థం కావాలంటే ఇక్కడ కాస్త ఆగాలి.

అది ట్యులెరీ రాజభవనానికి ఉత్తరపు చివర ఉన్న మార్సాన్ పవిలియన్. ట్యులెరీ భవనం కట్టడం 1564లో మొదలుపెట్టించింది కాతరీన్ దె మెదిచి. ఫ్రాన్స్ రాజమాతే కానీ పుట్టింటివాళ్ళు ఫ్లోరెన్స్ మెదిచిలు, అంటే ఆమె కూడా ఇటాలియనే. మార్సాన్ పవిలియన్ మాత్రం ఆ తర్వాతి శతాబ్దంలో, పద్నాలుగో లూయీ కాలంలో వచ్చి చేరింది. నెపోలియన్, ఆయన తర్వాత వచ్చిన రాజులు, చివరికి మూడో నెపోలియన్ అందరూ ట్యులెరీ నుంచే పాలించారు.

1870లో ఫ్రాన్స్ ప్రష్యా అనే జర్మన్ రాజ్యంతో యుద్ధానికి దిగి చిత్తుగా ఓడిపోయింది. మూడో నెపోలియన్ పట్టుబడ్డాడు. పారిస్‌ను నెలల తరబడి ముట్టడించారు, లోపల జనానికి తిండి లేదు. యుద్ధం ముగిశాక 1871 మార్చిలో పారిస్ జనం తిరగబడి కమ్యూన్, అంటే నగరానికి సొంత ప్రభుత్వం, ప్రకటించుకున్నారు. మే నెలాఖరున ప్రభుత్వ సైన్యం నగరంలోకి చొచ్చుకొచ్చి వీధి వీధినా కాల్పులు జరిపింది. ఆ వారాన్ని నెత్తుటి వారం అంటారు. ఆ గొడవల్లోనే మే 23న కమ్యూన్ వాళ్ళు ట్యులెరీకి నిప్పుపెట్టారు. భవనం రోజుల తరబడి మండింది, మిగిలినవి నల్లబడిన గోడలు.

మధ్య భాగాన్ని ఏం చేయాలో ప్రభుత్వం ఏళ్ళ తరబడి తేల్చుకోలేకపోయింది. బాగుచేద్దామని కొందరు, రాచరికం గుర్తు కాబట్టి పీకేద్దామని కొందరు. చివరికి 1883లో కూల్చేశారు. కానీ రెండు చివర్లా ఉన్న పవిలియన్లను పక్కనున్న లూవ్ర్ భవనంతో కలిపి నిలబెట్టాలని నిర్ణయించారు. మార్సాన్ పవిలియన్ పని ఎక్తోర్ లెఫ్యుయెల్ అనే ఆర్కిటెక్ట్ చేతిలో పడింది. దె నిట్టిస్ చూసింది సరిగ్గా ఆ పని జరుగుతున్న రోజుల్లో.

అంటే బొమ్మ వేసేనాటికి మంటలు ఆరి నాలుగేళ్ళు. కాలిన గోడలను వేసినవాళ్ళు ఉన్నారు, ఫొటోలు తీసి అమ్ముకున్నవాళ్ళు ఇంకా ఎక్కువ. శిథిలాలు చూడ్డానికి విదేశాల నుంచి టూరిస్టులు కూడా వచ్చేవాళ్ళు. దె నిట్టిస్ శిథిలాన్ని కాకుండా మరమ్మతును ఎంచుకున్నాడు. నా దృష్టిలో ఈ బొమ్మ గొప్పతనం అదే. అందులో ఏడుపు లేదు, దేశభక్తి కేకలూ లేవు. పని నడుస్తోంది, పక్కనుంచి జనం పోతున్నారు.

గుర్రం మీద ఉన్నది ఎవరు?

జోన్ ఆఫ్ ఆర్క్. పదిహేనో శతాబ్దంలో ఇంగ్లీషువాళ్ళతో పోరాడిన పల్లెటూరి అమ్మాయి. 1429 సెప్టెంబర్ 8న పారిస్‌ను తిరిగి పట్టుకోవాలని సేనను నడిపిస్తూ సెంట్ ఒనోరే ద్వారం దగ్గర తొడకు బాణం తగిలి గాయపడింది. ఆ చోటు ఈ కూడలికి దగ్గర్లోనే.

శిల్పి ఇమ్మాన్యుయెల్ ఫ్రేమియే. విగ్రహాన్ని 1874లో నిలబెట్టారు, కాబట్టి దె నిట్టిస్ వేసేనాటికి అది సరికొత్తది. ప్రష్యా చేతిలో ఓడిపోయిన దేశానికి, శత్రువును తరిమికొట్టిన ఒక అమ్మాయి కావాల్సివచ్చింది. అందుకే విగ్రహాన్ని ఇక్కడ, కాలిపోయిన రాజభవనం ఎదురుగా పెట్టడంలో ప్రభుత్వం లెక్క ప్రభుత్వానికి ఉంది.

ఇక్కడో తమాషా. ఇప్పుడు మీరు పారిస్ వెళ్ళి చూసే బంగారు పూత విగ్రహం, ఈ బొమ్మలో ఉన్న విగ్రహం ఒకటి కావు. గుర్రం మరీ పెద్దదిగా, దాని మీది పిల్ల మరీ చిన్నదిగా ఉందని ఫ్రేమియేకి విమర్శలు తగిలాయి. అవి ఆయన్ని ఏళ్ళ తరబడి తొలిచినట్టున్నాయి. 1899లో పాతదాన్ని దింపి, కొలతలు సరిచేసిన కొత్తదాన్ని అదే పీఠం మీదకి ఎక్కించాడు. కాబట్టి తొలి విగ్రహం ఆ కూడలిలో ఎలా నిలబడి ఉండేదో చెప్పే సాక్ష్యాల్లో దె నిట్టిస్ బొమ్మ ఒకటి.

ఈ విగ్రహం నకళ్ళు ప్రపంచంలో చాలాచోట్ల ఉన్నాయి. మెల్‌బోర్న్‌లో ఉండే తెలుగువాళ్ళకు ఇది కొత్త కాదు, అక్కడి స్టేట్ లైబ్రరీ ముందు రోజూ కనిపించేదే. అమెరికాలో ఉన్నవాళ్ళకు ఫిలడెల్ఫియా, పోర్ట్‌లాండ్, న్యూ ఆర్లీన్స్‌లలో దొరుకుతుంది.

పేరులో పిరమిడ్లు ఉన్నాయి కదా, బొమ్మలో ఎక్కడా కనిపించవేం?

అవి ఈజిప్టులో ఉన్నాయి. 1798లో నెపోలియన్ అక్కడ గెలిచిన పిరమిడ్ల యుద్ధం జ్ఞాపకార్థం వీధికీ కూడలికీ ఆ పేరు పెట్టారు. అంతే.

బొమ్మను ఎలా చూడాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?

దూరం నుంచి. ఆరేడు అడుగుల దూరంలో నిలబడితే ముందు కంటికి తగిలేది ఒక ముదురు ఆకారం, పరంజా. నిలువు కర్రలు, అడ్డ కర్రలు, ఒకదాని మీద ఒకటి. దాని వెనక ఆకాశం తెల్లగా, బూడిదగా, ఎక్కడా తేటగా లేకుండా. ఎండ లేదు కాబట్టి నేల మీద గట్టి నీడలు పడవు. మామూలుగా చిత్రకారులు వెలుగునీడలతో లోతు చూపిస్తారు. ఇక్కడ ఆ వీలు లేదు. దగ్గరివి ముదురుగా, దూరంవి పలచగా, ఇంకా దూరంవి పొగలో కలిసిపోయినట్టుగా వేసి లోతు తెచ్చాడు. బొగ్గుతో నడిచే నగరం గాలి ఎలా ఉండేదో ఆ పలచదనంలో తెలుస్తుంది.

తర్వాత దగ్గరికి వెళ్ళండి. గార్డు గొంతు సవరించుకునేంత దగ్గరికి కాదు. మనుషుల బట్టలు చూడండి. నలుపు ఎక్కువ. కానీ ఆ నలుపు ఒకటే నలుపు కాదు, ఒకచోట నీలం వైపు మొగ్గుతుంది, ఒకచోట గోధుమరంగు వైపు. ముఖాల్లో కళ్ళూ ముక్కూ వెతకొద్దు. ఆ మనిషి ఎటు నడుస్తున్నాడు, తొందరలో ఉన్నాడా, ఊరికే తిరుగుతున్నాడా అన్నది ఒంటి వాలులోనే తెలిసిపోతుంది.

పరంజా కింది భాగంలో చెక్కల కంచె ఉంటుంది, దాని మీద పోస్టర్లు. బొమ్మ మొత్తంలో హుషారైన రంగులు ఎక్కువగా అక్కడే ఉన్నాయి. కొత్త బిల్డింగ్ చుట్టూ రేకులు కడితే చాలు తెల్లారేసరికి వాటి నిండా సినిమా పోస్టర్లు వెలిసే మన ఊళ్ళలాగే ఉంటుంది వ్యవహారం. అక్షరాలు చదవడానికి కావు, చిన్న చిన్న రంగు ముక్కలంతే. కానీ అవి లేకపోతే బొమ్మ ముసురుపట్టిన రోజులా దిగాలుగా ఉండేది. రాజభవనాన్ని బాగుచేసే చోట కూడా ఎవరో ఏదో అమ్ముకుంటూనే ఉన్నారన్న సంగతి ఆయన వదిలిపెట్టలేదు.

ఇంత రద్దీ వీధిలో నిలబడి ఎలా వేశాడు? జనం మూగరా?

మూగుతారు. అందుకే ఆయన కనిపెట్టిన ఉపాయం గుర్రపు బగ్గీ. పారిస్‌లోనూ లండన్‌లోనూ బగ్గీ అద్దెకు తీసుకుని, కావాల్సిన మూల దగ్గర ఆపించి, లోపల కూర్చుని కిటికీలోంచి చూస్తూ వేసేవాడు. వాన పడినా ఇబ్బంది లేదు, చలి తక్కువ, భుజం మీంచి తొంగిచూసేవాళ్ళు లేరు. బగ్గీవాడికి ఇది వింతగానే ఉండి ఉంటుంది, ఎక్కిన మనిషి ఎక్కడికీ పోనివ్వడు, కిరాయి మాత్రం ఇస్తాడు.

దీని ప్రభావం ఆయన వీధి బొమ్మల్లో కనిపిస్తుంది. బాల్కనీలోంచి చూసినట్టు పైనుంచి కిందికి ఉండదు చూపు. బండిలో కూర్చున్న మనిషి కంటి ఎత్తులో ఉంటుంది. ఎదురుగా వచ్చేవాళ్ళు మన మీదకే వస్తున్నట్టు అనిపిస్తారు, పక్కనుంచి పోయేవాళ్ళు చట్రం అంచున తెగిపోతారు. అలా అంచులో మనిషిని కోసేయడం జపాన్ చెక్క అచ్చుల నుంచి అప్పటి పారిస్ చిత్రకారులు నేర్చుకున్న పద్ధతి. దె నిట్టిస్‌కు జపాన్ వస్తువులంటే పిచ్చి, కొని ఇంట్లో పెట్టుకునేవాడు.

దె నిట్టిస్ ఇంప్రెషనిస్టా?

అవునూ, కాదూ. ఇంప్రెషనిస్టులంటే ఆ క్షణాన కంటికి కనిపించే వెలుతురును చురుకైన కుంచె గీతలతో పట్టేసే మోనే, రెన్వా లాంటివాళ్ళు. నన్నడిగితే ఈయన కాదనే అంటాను, కానీ ఆ మాట ఖరాఖండీగా చెప్పడం కష్టం.

1874 ఏప్రిల్‌లో, కపూసిన్ బులెవార్డ్‌లో నదార్ అనే ఫొటోగ్రాఫర్ ఖాళీ చేసిన స్టూడియోలో తొలి ఇంప్రెషనిస్టు ప్రదర్శన జరిగింది. చిత్రకారుడు దెగా పిలవడంతో దె నిట్టిస్ కూడా ఐదు బొమ్మలు పెట్టాడు. కానీ ఆ తర్వాత జరిగిన ఏ ప్రదర్శనలోనూ ఆయన లేడు. మిగతావాళ్ళు సాలోన్‌ను తిట్టుకుంటుంటే ఈయన అదే ఏడాది సాలోన్‌లోనూ బొమ్మ పెట్టాడు, పేరూ తెచ్చుకున్నాడు. 1878 ప్రపంచ ప్రదర్శన తర్వాత ఫ్రాన్స్ ప్రభుత్వం లెజియన్ ఆఫ్ ఆనర్ అనే పురస్కారం ఇచ్చింది. రెండు పడవల మీద కాళ్ళు పెట్టి మునగకుండా నిలబడ్డ మనిషి.

బొమ్మల్లో తేడా చూడాలంటే మోనే 1873లో వేసిన ‘కపూసిన్ బులెవార్డ్’ పక్కన పెట్టి చూడండి. మోనే జనాన్ని బాల్కనీ మీంచి చూసి చుక్కలుగా, గీతలుగా చల్లేశాడు. నాలుకతో నాకినట్టున్న ఆ నల్ల మచ్చలు ఏమిటని అప్పట్లో ఒక విమర్శకుడు వెక్కిరించాడు. దె నిట్టిస్ అంతదూరం వెళ్ళడు. ఆయన మనిషి మనిషిగానే ఉంటాడు, టోపీ టోపీగానే ఉంటుంది, ఆ బట్టలు ఏ తరగతివాళ్ళవో కూడా చెప్పొచ్చు. గాలి, తేమ, వెలుతురు మాత్రం ఇంప్రెషనిస్టులవే. ఈ మధ్య ప్రదర్శనల పోస్టర్ల మీద ‘ఇటాలియన్ ఇంప్రెషనిస్ట్’ అని వేస్తున్నారు. టికెట్లు అమ్ముడుపోవడానికి పనికొచ్చే మాటే, తప్పు పట్టను.

మక్యాయోలి అనే మాట కూడా ఎక్కడో చదివాను. ఆయనకు దాంతో సంబంధం ఉందా?

ఉంది, కానీ సభ్యత్వం లాంటిది కాదు. మక్యాయోలి అంటే ఫ్లోరెన్స్‌లో 1850లు, 60లలో మికెలాంజొలో కెఫేలో కూర్చుని వాదించుకునే చిత్రకారుల గుంపు. గీత కన్నా రంగు మచ్చ ముఖ్యం అనేవాళ్ళు. శిల్పి, విమర్శకుడు అద్రియానో చెచ్చోని ద్వారా దె నిట్టిస్‌కు వాళ్ళ పరిచయం అయింది. ముదురు ఆకారాన్ని లేత ఆకాశం మీద ఒక్క మచ్చలా నిలబెట్టడం, ఈ బొమ్మలో పరంజా నిలబడ్డట్టు, ఆ పరిచయం నుంచి వచ్చిందని అనుకోవచ్చు.

ఆ రోజుల్లో ఇలాంటి బొమ్మలు ఎవరు కొనేవారు?

గూపిల్ కంపెనీ లాంటి డీలర్లు. అడోల్ఫ్ గూపిల్ పెట్టిన ఈ సంస్థకు పారిస్, లండన్, హేగ్, న్యూయార్క్‌లలో దుకాణాలుండేవి. బొమ్మలు కొనడంతో పాటు వాటి అచ్చులు తీసి ప్రపంచమంతా అమ్మేది. దె నిట్టిస్ దానితో కాంట్రాక్టు కుదుర్చుకుని కొన్నేళ్ళు పనిచేశాడు. నెల నెలా డబ్బు రావడం బాగానే ఉంటుంది, కానీ ఏది అమ్ముడుపోతే అదే వేయమనే ఒత్తిడి ఉంటుంది. అందంగా అలంకరించుకున్న ఆడవాళ్ళు, పాతకాలపు వేషాలు, అలాంటివి. ఆ కాంట్రాక్టు నుంచి బయటపడ్డాకే ఆయన వీధులు నిజమైన వీధుల్లా మారాయి.

ఇందులో చాలామందికి తెలియని ముచ్చట ఒకటుంది. 1875లో గూపిల్ పారిస్ శాఖలో ఉద్యోగం చేస్తున్న ఒక కుర్రవాడు, వానలో తడిసిన లండన్‌ను చూపించే దె నిట్టిస్ బొమ్మ ఒకటి తమ దుకాణానికి వచ్చిందని తమ్ముడికి ఉత్తరం రాశాడు. వెస్ట్‌మిన్‌స్టర్ వంతెన, పార్లమెంటు భవనం ఉన్న ఆ బొమ్మ నచ్చి, ఉత్తరంలో చిన్నగా గీసి కూడా చూపించాడు. ఆ కుర్రవాడు విన్సెంట్ వాన్ గో. అప్పటికి ఇంకా చిత్రకారుడు కావాలన్న నిర్ణయం తీసుకోలేదు.

లండన్‌లో దె నిట్టిస్‌కు కే నోల్స్ అనే ధనవంతుడు దొరికాడు. ఆయన వరసబెట్టి లండన్ దృశ్యాలు వేయించుకున్నాడు. పికడిలీ, ట్రఫాల్గర్ స్క్వేర్ లాంటివన్నీ ఆ ఊపులోనివే.

కయ్‌బోట్ వేసిన వాన వీధి బొమ్మ ఇంతకన్నా గొప్పది కాదా?

గుస్తావ్ కయ్‌బోట్ ‘పారిస్ వీధి, వానరోజు’ (1877) చికాగోలో ఉంది. ఏడడుగుల ఎత్తు, తొమ్మిదడుగుల వెడల్పు, గోడంత బొమ్మ. గీసిన గీతల లెక్క, గొడుగుల అమరిక, రాళ్ళ మీద తడి అన్నీ అద్భుతమే. పోటీ పెడితే పేరు దానికే వస్తుంది, అందులో అన్యాయం లేదు.

కానీ కయ్‌బోట్ వీధి అచ్చంగా పూర్తయిన వీధి. కొత్త బిల్డింగులు, కొలిచి కోసినట్టున్న రోడ్లు, ఖరీదైన గొడుగులు. రెండేళ్ళ ముందు దె నిట్టిస్ చూపించిన పారిస్ ఇంకా కట్టెలు కట్టుకుని నిలబడ్డ పారిస్. వాటిని పక్కపక్కన చూస్తే ఒకే నగరం గురించి రెండు వార్తలు చదివినట్టు ఉంటుంది. నాకు దె నిట్టిస్‌ది ఎక్కువ ఇష్టం.

ఇంత పేరున్నవాడిని తర్వాత ఎందుకు మర్చిపోయారు?

తొందరగా పోయాడు, అది మొదటి కారణం. 1884 ఆగస్టులో పారిస్ దగ్గర సెంజెర్మెన్ ఆన్ లేలో ముప్పై ఎనిమిదేళ్ళకే చనిపోయాడు. భార్య లెయొంతీన్, కొడుకు జాక్ మిగిలారు. శనివారాలు వాళ్ళింట్లో చిత్రకారులు దెగా, మానే, రచయిత ఎడ్మండ్ గోంకూర్ లాంటివాళ్ళు కలిసేవాళ్ళు. ఆయనే స్వయంగా వండిన మకరోనీకి ఆ విందుల్లో పేరుండేది.

రెండో కారణం, ఎవరి లెక్కలోనూ పూర్తిగా పడకపోవడం. ఫ్రెంచి చరిత్ర రాసేవాళ్ళకు ఆయన పరాయివాడు. ఇటాలియన్ చరిత్ర రాసేవాళ్ళకు పారిస్‌కు అమ్ముడుపోయినవాడు. ఇంప్రెషనిస్టుల జాబితాలో ఒక్క ప్రదర్శనతో వెళ్ళిపోయిన అతిథి. పాఠ్యపుస్తకాలు గుంపులను గుర్తుపెట్టుకుంటాయి, ఒంటరివాళ్ళను పేజీ కింద చిన్న అక్షరాల్లోకి నెడతాయి.

భార్య మాత్రం మర్చిపోలేదు. తన దగ్గర మిగిలిన బొమ్మలను బార్లెట్టాకు రాసిచ్చింది. అది ఆమె పుట్టిన ఊరు కాదు, భర్త పుట్టిన ఊరు, అంతే. ఇప్పుడు ఆ బొమ్మలు బార్లెట్టాలో మర్రా ప్యాలెస్ అనే పాత భవనంలో ఉన్నాయి. దె నిట్టిస్‌ను నిజంగా తెలుసుకోవాలంటే పారిస్ కన్నా అక్కడికి వెళ్ళాలి. అక్కడున్న పాస్టెల్ (రంగు సుద్దల) బొమ్మలు చూశాక నూనె రంగుల మనిషిగానే ఆయన్ని తలుచుకోవడం కుదరదు.

ఈ బొమ్మను చూడాలంటే ఎలా వెళ్ళాలి? ఆ కూడలి ఇప్పటికీ ఉందా?

రెండూ ఒకే పూటలో అయిపోతాయి. కూడలి రివోలి వీధిలో ఉంది, ట్యులెరీ మెట్రో స్టేషన్ దగ్గర్లో. బంగారు గుర్రం కనిపిస్తే వచ్చేసినట్టే. ఎదురుగా రోడ్డుకు అవతల మార్సాన్ పవిలియన్ నిలబడి ఉంటుంది, లెఫ్యుయెల్ పూర్తిచేసిన రూపంలో. ఇప్పుడు అందులో అలంకార కళల మ్యూజియం నడుస్తోంది. పక్కనుండాల్సిన ట్యులెరీ మధ్య భాగం మాత్రం లేదు. అక్కడ మీకు కనిపించే ఖాళీ, తోట, దూరం దాకా సాగే చూపు, ఇవన్నీ ఒక భవనం పోవడం వల్ల వచ్చినవి.

అక్కడి నుంచి ట్యులెరీ తోట గుండా నడిచి, సెంగోర్ పేరున్న కాలి వంతెన దాటితే ఎదురుగా ఒర్సే. పావుగంట నడక. 1900లో కట్టిన రైల్వే స్టేషన్‌ను మార్చి 1986లో మ్యూజియంగా తెరిచారు. సోమవారం సెలవు. గురువారం రాత్రి పొద్దుపోయేదాకా తెరిచి ఉంటుంది, రద్దీ తక్కువ. బయల్దేరే ముందు మ్యూజియం వెబ్‌సైట్‌లో ఈ బొమ్మ ప్రదర్శనలో ఉందో లేదో చూసుకోండి. ఇలాంటివి వేరే ఊళ్ళ ప్రదర్శనలకు వెళ్తుంటాయి, ఒక్కోసారి లోపల భద్రపరుస్తారు. అంతదూరం వెళ్ళి ఖాళీ మేకు చూసి రావడం బాధగా ఉంటుంది. ఫ్లాష్ వేయకుండా ఫొటో తీసుకోవచ్చు.

ఇలాంటివే మరికొన్ని చెప్తారా?

ఇటాలియన్లవే చెప్తాను. తెలెమాకో సిన్యోరీని వేసిన ‘లీత్’ (1881), స్కాట్లాండ్ రేవు పట్నం వీధి, గోడ మీద పెద్ద ప్రకటన కనిపిస్తుంది. ఫ్లోరెన్స్ పిట్టీ ప్యాలెస్‌లో ఉంది. ఆయనదే ‘ఫ్లోరెన్స్ గెట్టో’ (1882), అంటే ఆ ఊరి యూదుల వాడ, ఇంకా పదునైనది. ఆ ఇరుకు వీధులనూ పక్కనున్న పాత మార్కెట్‌నూ తర్వాత నేలమట్టం చేసి ఇప్పటి రిపబ్లిక్ స్క్వేర్ కట్టారు. బోల్దిని ‘వీధి దాటుతూ’ అమెరికాలో, మసాచుసెట్స్‌లోని క్లార్క్ మ్యూజియంలో ఉంది. పువ్వులు పట్టుకుని పావడా కాస్త ఎత్తి రోడ్డు దాటే అమ్మాయి. చిన్న బొమ్మ, మహా చలాకీ.

నా బ్లాగులోనో, పుస్తకం అట్ట మీదో ఈ బొమ్మ వాడుకోవచ్చా?

బొమ్మ మీద కాపీరైట్ ఎప్పుడో అయిపోయింది. చిత్రకారుడు పోయి 140 ఏళ్ళు దాటింది. మన చట్టం ప్రకారం రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ళు, యూరప్‌లో 70. మీకు దొరికిన ఫొటో ఎవరు తీశారు, వాళ్ళు షరతులేమైనా పెట్టారా అన్నది మాత్రం చూసుకోండి. ఇంకో మాట, నెట్‌లో తిరిగే కాపీల్లో చాలావాటికి రంగులు పెంచేశారు. ఆకాశం నీలంగా కనిపిస్తే ఆ ఫైల్ పక్కన పెట్టేసి మ్యూజియం సైట్‌లో ఉన్నది తీసుకోండి. వెతికేటప్పుడు జుసెప్పే అనీ జోసెఫ్ అనీ రెండు రకాలుగా కొట్టండి, ఫ్రాన్స్‌లో ఆయన్ని రెండో పేరుతో కూడా రాస్తారు.